టార్గెట్ ప్రాక్టీస్‌కి మంచి రివాల్వర్ ఏది? కొనే ముందు ఇవి చూసుకోండి

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. మా ఫ్రెండ్ వాళ్ళ తమ్ముడు డాలస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. మొన్న శనివారం పొద్దున్నే ఫోన్ చేసి, "అన్నా, మా రూమ్మేట్స్ అందరం షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నాం. నాకు టార్గెట్ షూటింగ్ నేర్చుకోవాలని ఎప్పట్నుంచో ఉంది. ఒక మంచి రివాల్వర్ చెప్పు, కొనేస్తా. .357 మంచిదా, .44 మంచిదా?" అన్నాడు.

నేను రివాల్వర్ గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. "నీ వీసా ఏంట్రా?" అని అడిగాను. "ఎఫ్-1 అన్నా" అన్నాడు. "అయితే ఇవాళ రేంజ్‌కి వెళ్ళకు" అన్నాను. వాడికి కోపం వచ్చింది. ఇక్కడ అందరూ కొంటున్నారు కదా, వాల్‌మార్ట్‌లో తూటాలు అమ్ముతున్నారు కదా అని వాదించాడు.

అందుకే ముందు ఈ విషయం చెప్పేసి, తర్వాత రివాల్వర్ దగ్గరికి వెళ్దాం. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఎఫ్-1, హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ, తూటాలు గానీ తమ దగ్గర ఉంచుకోకూడదు. కొనడం ఒక్కటే కాదు, రేంజ్‌లో గంటకి అద్దెకు తీసుకుని చేత్తో పట్టుకున్నా "దగ్గర ఉంచుకోవడం" కిందికే వస్తుంది. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మన స్టూడెంట్స్‌కి పనికొచ్చేది ఒక్కటే: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండాలి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి, సిటిజన్స్‌కి ఈ అడ్డం లేదు, కానీ షాపులో హ్యాండ్‌గన్ కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవ్వాలి. రేంజ్ కౌంటర్‌లో ఉన్న కుర్రాడు మీ వీసా అడగకపోవచ్చు. వాడు అడగలేదని చట్టం మారదు కదా. కేసు అయితే జైలు సంగతి అటుంచి, వీసాకే ఎసరు వస్తుంది. డౌట్ ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. రూమ్మేట్‌ని మాత్రం అడక్కండి.

ఇంకొకటి. రేంజ్‌కి తీసుకెళ్ళిన బ్యాక్‌ప్యాక్‌నే ఇండియా ట్రిప్‌కి వాడేవాళ్ళు ఉంటారు. అడుగు జేబులో ఒక్క తూటా మిగిలిపోయి, అది శంషాబాద్ స్కానింగ్‌లో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద కేసు. "మర్చిపోయాను సార్" అని నిరూపించుకోవడానికి కోర్టు చుట్టూ తిరగాలి. రేంజ్ బ్యాగ్ వేరు, ప్రయాణం బ్యాగ్ వేరుగా పెట్టుకోండి. గుర్తుగా ఖాళీ కేసులు తెచ్చుకునే సరదా కూడా వద్దు.

సరే, ఇప్పుడు అసలు సంగతి. చట్టపరంగా ఏ ఇబ్బందీ లేదు, టార్గెట్ షూటింగ్ నేర్చుకోవాలి, రివాల్వర్ కావాలి. ఏది తీసుకోవాలి?

మావాడు అడిగిన ప్రశ్నలోనే పొరపాటు ఉంది చూడండి. .357నా, .44నా అన్నాడు. అంటే ఎంత పెద్ద తూటా అని అడుగుతున్నాడు. సినిమాల ప్రభావం అది. కాగితానికి పెద్ద తూటా, చిన్న తూటా తేడా తెలియదు. టార్గెట్ షూటింగ్‌కి కావాల్సింది దీనికి పూర్తిగా రివర్స్: బరువైన తుపాకీ, చిన్న తూటా. తుపాకీ బరువుగా ఉండి తూటా చిన్నదైతే చేతిలో ఎగరదు, చెవులు గింగురుమనవు, మీ మనసు భయపడదు. ఈ మూడోదే ముఖ్యం. దాని గురించి తర్వాత చెప్తాను.

అందుకే నా మొదటి సలహా .22 లాంగ్ రైఫిల్ రివాల్వర్. ఈ తూటా 1887 నుంచీ ఉంది. గుండు బరువు 2.6 గ్రాములు, అంతే. .38 స్పెషల్‌లో సాధారణంగా వాడే గుండు 10 గ్రాములు ఉంటుంది. ఒక .38 తూటా డబ్బులకి .22 తూటాలు నాలుగైదు వస్తాయి. నేర్చుకునే రోజుల్లో వారానికి వందా రెండొందల తూటాలు కాలుస్తారు కాబట్టి ఏడాది తిరిగేసరికి రివాల్వర్ ధర కంటే తూటాల ఖర్చే ఎక్కువవుతుంది. షాపులో ఆ లెక్క ఎవరూ చెప్పరు.

.22లో పేరున్నది స్మిత్ అండ్ వెసన్ మోడల్ 617. స్టీల్ బాడీ, ఇప్పుడు వచ్చేవాటిలో 10 తూటాలు పడతాయి. 6 అంగుళాల బ్యారెల్‌తో బరువు కిలోంపావు. రూగర్ జీపీ100 కూడా .22లో 10 తూటాలతో వస్తుంది, గట్టి సరుకు. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే పాత స్మిత్ అండ్ వెసన్ మోడల్ 17 ఉంది, కే-22 మాస్టర్‌పీస్ అంటారు దాన్ని. 1940ల నుంచి అమెరికాలో ఎన్నో వేలమంది టార్గెట్ షూటింగ్ నేర్చుకున్నది దానిమీదే. బాగున్నది దొరికితే వదలకండి.

పెద్ద తూటా కావాల్సిందే అనుకుంటే .357 మాగ్నమ్ రివాల్వర్ కొని, దాంట్లో .38 స్పెషల్ కాల్చండి. రెండు తూటాల వ్యాసం ఒక్కటే, .357 కేసు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు పొడుగు ఉంటుంది. అందుకే .357 రివాల్వర్‌లో .38 నిక్షేపంగా కాల్చొచ్చు. .38 రివాల్వర్‌లో .357 మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. టార్గెట్ కోసం .38లో వాడ్‌కట్టర్ అని ప్రత్యేకంగా ఒక గుండు వస్తుంది. ముక్కు ఉండదు, డబ్బా మూతలా చదునుగా ఉంటుంది. కాగితం మీద పంచింగ్ మెషీన్‌తో కొట్టినట్టు గుండ్రటి రంధ్రం పడుతుంది, స్కోర్ లెక్కపెట్టడం సులువు. ఒక్క జాగ్రత్త: .38లు ఎక్కువగా కాల్చాక గదుల్లో మసి రింగులా పేరుకుంటుంది. బ్రష్‌తో తీయకపోతే తర్వాత .357 పెట్టినప్పుడు బిగుసుకుపోతుంది. ఈ సైజులో స్మిత్ అండ్ వెసన్ 686, రూగర్ జీపీ100, కోల్ట్ పైథాన్ ఈ మూడూ మంచివే. పైథాన్ 1955లో వచ్చింది, మధ్యలో ఆపేసి 2020లో కొత్త డిజైన్‌తో మళ్ళీ తెచ్చారు. దాని ధరలో కొంత పేరుకే పోతుంది అని నా అభిప్రాయం. జీపీ100 కొని మిగిలిన డబ్బులతో తూటాలు కొనుక్కునేవాడు ఆరు నెలల తర్వాత పైథాన్ కొన్నవాడికంటే బాగా కాలుస్తాడు.

కంపెనీ పేర్లు అయిపోయాయి. ఇప్పుడు షాపులో చేతిలోకి తీసుకున్నాక ఏం చూడాలో చెప్తాను. ఇదే అసలు పాఠం.

మొదట ట్రిగ్గర్. రివాల్వర్‌ని రెండు రకాలుగా పేల్చొచ్చు. హ్యామర్‌ని బొటనవేలితో వెనక్కి లాగి, తర్వాత ట్రిగ్గర్ నొక్కడం సింగిల్ యాక్షన్. హ్యామర్‌ని ముట్టుకోకుండా నేరుగా ట్రిగ్గర్ లాగితే హ్యామర్ లేవడం, సిలిండర్ తిరగడం, హ్యామర్ పడటం అన్నీ ఆ ఒక్క లాగుడుతోనే జరుగుతాయి, అది డబుల్ యాక్షన్. సింగిల్ యాక్షన్‌లో ట్రిగ్గర్‌కి సుమారు కిలోన్నర, రెండు కిలోల బలం పడుతుంది. డబుల్ యాక్షన్‌లో దాదాపు ఐదు కిలోలు. ఐదు కిలోల బియ్యం సంచిని ఒక్క చూపుడు వేలికి తగిలించుకుని, చెయ్యి కదలకుండా పట్టుకోవడం ఊహించుకోండి. మంచి రివాల్వర్‌లో ఆ ఐదు కిలోలూ ఒకే వేగంతో, మజ్జిగ పోసినట్టు సాఫీగా వస్తాయి. చౌకదాంట్లో మధ్యలో ఇసుక పడ్డట్టు గరగరమంటుంది, లేదా ఒక చోట ఆగి మళ్ళీ కదులుతుంది. ఆ ఆగిన చోటే మీ చెయ్యి కదులుతుంది. షాపువాడి పర్మిషన్ తీసుకుని, ఖాళీగా ఉందని ఇద్దరూ చూసుకున్నాక, మెల్లగా లాగి చూడండి. అన్ని గదులూ తిరిగేదాకా లాగండి, ఒక్కసారి లాగితే తెలియదు.

తర్వాత బ్యారెల్ పొడుగు. పొడుగు బ్యారెల్ అయితే గుండు సూటిగా పోతుందని అందరూ అనుకుంటారు. నిజానికి పొడుగు వల్ల లాభం మీ కంటికి. వెనక సైట్‌కీ ముందు సైట్‌కీ మధ్య దూరం పెరుగుతుంది. ఒక చిన్న లెక్క చేద్దాం. సైట్ల మధ్య దూరం 200 మిల్లీమీటర్లు అనుకోండి. గురి పెట్టేటప్పుడు ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగింది. 25 మీటర్ల దూరంలో టార్గెట్ మీద అది 125 మిల్లీమీటర్ల తప్పు. అదే పొట్టి రివాల్వర్‌లో సైట్ల దూరం 100 మిల్లీమీటర్లే అయితే తప్పు 250 మిల్లీమీటర్లు, అంటే జానెడు పైమాటే. 25 మీటర్ల ప్రెసిషన్ టార్గెట్‌లో పది పాయింట్ల రింగ్ వ్యాసం 50 మిల్లీమీటర్లు మాత్రమే. అందుకే టార్గెట్‌కి 6 అంగుళాలు బెస్ట్, 4 అంగుళాలు ఫర్వాలేదు, 2 అంగుళాలది అసలు వద్దు. జేబులో పెట్టుకునే ఆ పొట్టి రివాల్వర్లు కొన్ని నాలుగు వందల గ్రాములే ఉంటాయి. మోయడానికి తేలిక, కాల్చడానికి నరకం. కొత్తగా నేర్చుకునేవాడికి, ముఖ్యంగా అమ్మాయిలకి, "చిన్నది తీసుకోండి, ఈజీగా ఉంటుంది" అని షాపుల్లో అవే అంటగడతారు. వినకండి.

వెనక సైట్‌కి స్క్రూలు ఉండాలి, పైకీ కిందికీ, పక్కలకీ జరిపేలా. కంపెనీ మారితే, గుండు బరువు మారితే తూటా తగిలే చోటు మారుతుంది. సైట్ కదలకపోతే ప్రతిసారీ మీరే అంచనా వేసి పక్కకి గురిపెట్టాలి. అది ప్రాక్టీస్ కాదు, జూదం.

తర్వాత మీ చెయ్యి. పట్టుకున్నప్పుడు బ్యారెల్ మీ ముంజేతికి సూటిగా ఉండి, చూపుడు వేలు మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి రావాలి. వేలు అందక రివాల్వర్‌ని చేతిలో పక్కకి తిప్పి పట్టుకోవాల్సి వస్తే ఆ సైజు మీది కాదు. స్మిత్ అండ్ వెసన్‌లో కే ఫ్రేమ్, ఎల్ ఫ్రేమ్ పట్టు సైజు ఒక్కటే, మామూలు చేతులకి సరిపోతాయి. .44 వచ్చే ఎన్ ఫ్రేమ్ పెద్దది. పిడి మాత్రం మార్చుకోవచ్చు కాబట్టి దాని అందం చూసి డబ్బులు పెట్టకండి.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంకాస్త ఓపిక కావాలి. సిలిండర్ తెరిచి ప్రతి గదీ ఖాళీగా ఉందో లేదో కంటితో చూడండి, వేలితో తడమండి. మూసి, ట్రిగ్గర్ పూర్తిగా వెనక్కి లాగి పట్టుకుని సిలిండర్‌ని పక్కలకి కదపండి. కాస్త కదిలితే పర్లేదు, లొడలొడలాడితే వద్దు. ముందుకీ వెనక్కీ కూడా కదిపి చూడండి. తర్వాత హ్యామర్‌ని చాలా మెల్లగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా నిలబడేసరికి సిలిండర్ తన చోట టక్కుమని లాక్ అయ్యుండాలి. ఒక్క గది దగ్గర ఆలస్యమైనా టైమింగ్ పోయినట్టే. ప్రతి గదికీ చూడండి. బ్యారెల్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు 0.15 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే చక్కగా ఉన్నట్టు, 0.25 దాటితే ఆలోచించాలి. కొలవడానికి ఫీలర్ గేజ్ చాలు. బైక్ మెకానిక్ ట్యాపెట్ సెట్టింగ్‌కి వాడే ఆ పల్చటి రేకులే. చివరగా స్క్రూల తలలు చూడండి. అరిగి, చెక్కుకుపోయి ఉంటే ఎవడో ఇంట్లో విప్పి ప్రయోగాలు చేశాడని అర్థం.

సినిమాల్లో హీరో తూటాలు నింపి, మణికట్టు ఒక్క ఊపు ఊపి సిలిండర్ టపీమని మూస్తాడు కదా, ఆ స్టైల్ చేసి చూపించే వాడి దగ్గర రివాల్వర్ కొనకండి. సిలిండర్‌ని మోసే చెయ్యి, క్రేన్ అంటారు, అలా కొడితే వంగుతుంది. వంగాక ఎంత ఖరీదైన రివాల్వర్ అయినా గురి పోతుంది.

ఇందాక మనసు భయపడటం అన్నాను. ప్రాక్టీస్‌లో రివాల్వర్‌ని మించింది లేదు అని నేను అనడానికి కారణం ఇదే. తూటా పేలుతుందని తెలిసి, పేలకముందే చెయ్యి బిగుసుకుని కిందికి వంగుతుంది. దాన్ని ఫ్లించ్ అంటారు. ప్రతి కొత్త షూటర్‌కీ ఉంటుంది, చాలామంది పాతవాళ్ళకీ ఉంటుంది. శబ్దం, కుదుపు దాన్ని కప్పేస్తాయి కాబట్టి మనకి కనపడదు. రేంజ్‌లో, కళ్ళజోడూ చెవులకి మఫ్స్ పెట్టుకుని, రివాల్వర్‌ని టార్గెట్ వైపే ఉంచి ఇలా చేయండి. సిలిండర్‌లో కొన్ని గదుల్లో తూటాలు, కొన్నింట్లో ఖాళీ కేసులు పెట్టమని మీ కోచ్‌కి చెప్పండి. ఏది ఎక్కడుందో మీకు తెలియకూడదు. కాలుస్తూ వెళ్ళండి. ఖాళీ కేసు దగ్గర "టిక్" అంటుంది. ఆ క్షణంలో ముందు సైట్ కదలకుండా ఉందా, గభాలున కిందికి తల వంచిందా? అదే మీ అసలు స్కోరు. నేను మొదటిసారి చేసినప్పుడు బ్యారెల్ నేల చూపులు చూసింది. అప్పటిదాకా తప్పంతా సైట్లదే అనుకుని స్క్రూలు తిప్పుకుంటూ కూర్చున్నాను.

.44 మాగ్నమ్‌తో మొదలెట్టినవాడికి ఈ జబ్బు మొదటి రోజే పట్టుకుంటుంది, వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. మావాడికి .44 వద్దన్నది ఇందుకే.

రివాల్వర్‌కి మాత్రమే ఉన్న ఒక ప్రమాదం కూడా చెప్పాలి. ఆ సిలిండర్ సందు ఉంది కదా, పేలినప్పుడు అక్కడినుంచి నిప్పులాంటి గ్యాస్ పక్కలకి కొడుతుంది. రెండో చెయ్యి వేళ్ళు సిలిండర్ ముందుకి ఎప్పుడూ వెళ్ళకూడదు. పక్కన నిలబడ్డవాళ్ళకి కూడా కళ్ళజోడు ఉండాలి. తుపాకీ శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్క రోజు అజాగ్రత్త చాలు చెవిలో జీవితాంతం కూత మిగలడానికి. ఎప్పుడైనా "టప్"మని మామూలు కంటే తక్కువ శబ్దం వస్తే వెంటనే ఆపేయండి. గుండు బ్యారెల్‌లో ఇరుక్కుని ఉండొచ్చు. వెనకాలే ఇంకొకటి పేలిస్తే బ్యారెల్ చీలిపోతుంది. రేంజ్ నుంచి వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టిఫిన్, సీసం ఉంటుంది వాటిమీద. ఇంట్లో తాళం వేసిన పెట్టెలో తుపాకీ, వేరే తాళంలో తూటాలు.

ఇప్పుడు మన ఆంధ్రా, తెలంగాణలో చూస్తున్నవాళ్ళ సంగతి. ఇండియాలో ఆయుధాల చట్టం 1959 ప్రకారం రివాల్వర్‌కి లైసెన్స్ ఉండాలి, 21 ఏళ్ళు నిండాలి, ఎందుకు కావాలో అధికారులు ఒప్పుకోవాలి. మామూలు పౌరులకి దొరికేది ఎక్కువగా .32 రివాల్వర్, కాన్పూర్ ఫ్యాక్టరీది. 2014లో మహిళల కోసమని "నిర్భీక్" అని ఒకటి తెచ్చారు. బరువు అరకిలో. ఇంతసేపూ చెప్పుకున్న లెక్క ప్రకారం చూడండి, తేలిక, పొట్టి బ్యారెల్. హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోవడానికి చేసినది, టార్గెట్‌కి కాదు.

మనకి దారి ఎయిర్ పిస్టల్. .177 సైజు, 20 జూల్స్ లోపు శక్తి ఉన్నదానికి ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఈవెంట్ దీనితోనే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్‌నే చూడండి. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లోనూ, 25 మీటర్ల పిస్టల్‌లోనూ పతకాలు తెచ్చింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కి 25 మీటర్ల పిస్టల్‌లో వెళ్ళింది. ఆ 25 మీటర్ల ఈవెంట్‌లో కూడా ఇవాళ ఎవరూ రివాల్వర్ పట్టుకోరు, .22 సెమీ ఆటోమేటిక్ పిస్టల్సే. అక్కడ ట్రిగ్గర్ బరువు కనీసం ఒక కిలో ఉండాలి, ఎయిర్ పిస్టల్‌లో అరకిలో చాలు. మెడల్ లక్ష్యమైతే రివాల్వర్ మీద డబ్బు పెట్టకండి. ట్రిగ్గర్ మీద చెయ్యి కుదరాలి, మనసు నిలబడాలి అనుకుంటే రివాల్వర్ అంత నిక్కచ్చి మాస్టారు దొరకడు.

మా డాలస్ తమ్ముడి కథ పూర్తి చేసి ముగిస్తాను. ఆ శనివారం వాడు రేంజ్‌కి వెళ్ళలేదు. ఎయిర్ పిస్టల్ అక్కడి ఫెడరల్ చట్టంలో ఫైర్ ఆర్మ్ కిందికి రాదు కాబట్టి, కొన్ని రాష్ట్రాల్లో రూల్స్ వేరు, తన రాష్ట్రంలో ఏముందో కనుక్కుని ఒకటి కొన్నాడు. హంటింగ్ లైసెన్స్ కోసం హంటర్ ఎడ్యుకేషన్ కోర్సులో చేరాడు. నిన్న టార్గెట్ ఫోటో పంపాడు. పది గుళ్ళలో ఏడు కింద ఎడమ మూలకే పడ్డాయి. "సైట్ సరిగ్గా లేదన్నా" అని రాశాడు. సైట్ ముట్టుకోకుండా ఖాళీ పిస్టల్‌తో రోజూ యాభై సార్లు గోడ వైపు ట్రిగ్గర్ నొక్కి చూడమన్నాను. కుడిచేతివాటం వాళ్ళకి ఆ మూల ఎందుకు వస్తుందో వచ్చే ఎపిసోడ్‌లో ఆ ఫోటో పెట్టుకునే మాట్లాడుకుందాం. ఉంటాను ఫ్రెండ్స్.